గోదారి పాయల మధ్య పాత మండువా ఇల్లు కొనాలంటే ఏ వరుసలో ఏం చూసుకోవాలి

కోనసీమలో ఒక మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి, చుట్టూ గదులు ఉండే పాతకాలపు ఇల్లు, అమ్మకానికి వచ్చిందని తెలిసి హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో, డాలస్ నుంచి సెలవులకు వచ్చో చూడబోయేవారు సాధారణంగా ముందు సావిట్లోని టేకు స్తంభాలను తడిమి చూస్తారు, ఆ వెంటనే ధర అడుగుతారు, నచ్చితే సాయంత్రానికల్లా బయానా ఇచ్చేస్తారు. ఆ ఇంటికి వారసులు ఎంతమంది అన్న ప్రశ్న రిజిస్ట్రేషన్ నాడు పుడుతుంది, వరద నీరు ఎక్కడిదాకా వస్తుందన్న ప్రశ్న మొదటి శ్రావణంలో పుడుతుంది. ఈ వరుస పూర్తిగా తిరగబడాలి. ముందు ఏటిని, తర్వాత వారసులను, ఆపైన దస్తావేజులను, వాటి తర్వాత కలపను, గోడలను చూసి, అన్నిటికంటే చివర ధర మాట్లాడాలి. కింద చెప్పబోయే మెట్లు కూడా ఆ వరుసలోనే ఉంటాయి.

మొదటి మెట్టు: ఇల్లు గట్టుకు ఎటువైపు ఉందో తేల్చుకోండి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి విడివడిన వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న నేలే కోనసీమ. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, దాని కాలువలు వచ్చాక ఇక్కడి సేద్యం స్థిరపడింది, సేద్యపు రాబడితో మండువా ఇళ్లు లేచాయి. వాటి దూలాలకు కావలసిన టేకు కూడా ఎగువ అడవుల నుంచి తెప్పలుగా కట్టుకుని ఏటి మీదుగానే దిగింది.

కోనసీమలో ఏ ఊళ్లో ఇల్లు చూసినా మొదట అడగవలసింది అది ఏటిగట్టుకు ఊరివైపు ఉందా, ఏటివైపు ఉందా అన్నది. గట్టుకు ఏటివైపు ఉన్న లంకల్లో, ఉదాహరణకు పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, ఉడుమూడిలంక వంటి చోట్ల, పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ దారి తెగిపోయి పడవే దిక్కవుతుంది. అక్కడ పుట్టి పెరిగినవారికి ఆ రోజులు ఎలా గడపాలో తెలుసు; సామాను ఎప్పుడు అటకెక్కించాలో, పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో ఎవరూ వారికి చెప్పనక్కర్లేదు. పట్నం నుంచి వచ్చి వారాంతాలు గడుపుదామనుకునేవారికి లంకలో ఇల్లు వద్దనే నా సలహా, ధర ఎంత చవకగా కనిపించినా సరే. పైగా లంక భూముల్లో చాలా భాగం ప్రభుత్వానివి, సాగు కోసం పట్టాగానో కౌలుగానో ఇచ్చినవి. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం అలా ఇచ్చిన భూమి, చేతులు మారడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది, తర్వాతి సవరణ కొన్నిటికే సడలింపు ఇచ్చింది; ఆ సడలింపు లేకపోతే అలాంటి స్థలంలో ఉన్న ఇంటికి మీరు డబ్బు ఇవ్వగలరేమో గానీ హక్కు పొందలేరు.

గట్టుకు ఊరివైపు ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ఆ మట్టాలకు నది మోసే నీరు సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ఆ నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఎనభై ఆరు నాటి నీరు మూడో హెచ్చరికకు రెట్టింపు అన్నమాట, కాబట్టి మూడో హెచ్చరికే ఆఖరు మెట్టని అనుకోకండి. భద్రాచలంలో నీరు తగ్గుముఖం పట్టాక కూడా ధవళేశ్వరంలో గంటల తరబడి పెరుగుతూనే ఉంటుందన్నది కొత్తగా వచ్చినవారు గుర్తుపెట్టుకోవలసిన ఇంకో సంగతి.

ఊళ్లో అరవై దాటినవారు ఎవరైనా "ఎనభై ఆరు వరద" అనే మాట అనకుండా ఇంటి గురించి చెప్పరు. మీరు అడగవలసిన ప్రశ్న కూడా అదే. అమ్మేవారిని కాకుండా పక్కింటివారిని, వీలైతే ఎదురింటి పెద్దావిడను అడగండి. వశిష్ఠ ఒడ్డున ఒక ఊళ్లో నేను అలా అడిగితే, అరుగు మీద చింతపండు పిక్క తీస్తున్న ఆవిడ చెయ్యి ఆపకుండానే, "నీళ్లాండీ? ఆ మూడో మెట్టు మీదకొచ్చి ఆగాయండి. మీరు చూస్తున్న లోగిలి మాకంటే పల్లం కదండీ, ఆళ్ల మండువాలో బిందెలు తేలాయండి, ఆయ్" అన్నారు. అమ్మకందారు అప్పటిదాకా మాతో చెప్పింది "వాకిట్లోకి వస్తుందండి, అంతే" అని.

ఇలాంటి గుర్తు ఒకటి దొరికాక దాన్ని నోటి మాటగా వదిలేయకుండా కొలవాలి. తాపీ మేస్త్రీల దగ్గర ఉండే నీటి గొట్టం, అంటే లెవెల్ ట్యూబు, తెప్పించి, ఆ మూడో మెట్టు దగ్గర ఒక కొసను, మీరు కొనబోయే ఇంటి సావిట్లో ఇంకో కొసను పట్టిస్తే నీరు తన మట్టం తానే చెబుతుంది. సావిట్లో ఆ గీత మోకాలి దాకా వచ్చిందా, నడుం దాకా వచ్చిందా చూసి, సుద్దముక్కతో గోడ మీద గీసి, ఫోటో తీసుకోండి. అరగంట పని, మేస్త్రీ కూలి తప్ప ఖర్చు లేదు. ఆ తర్వాత మీరు ఎన్ని నివేదికలు చదివినా ఇంతకంటే సూటిగా చెప్పేది ఉండదు.

ఇంటిని కనీసం రెండుసార్లు చూడాలి. సంక్రాంతికి వచ్చి చూసినవారికి ముగ్గులు, మంచు, కొబ్బరి నీడ తప్ప ఇంకేమీ కనిపించదు. ఆషాఢంలో శుభకార్యం కాదని ఎవరూ కొనుగోలు మాట ఎత్తరు, అందుకే అది చూడడానికి మంచి నెల. గోదారికి ఎర్రనీరు వచ్చేదీ దాదాపు అప్పుడే. కురుస్తున్న వానలో గొడుగేసుకుని వెళ్లి వీధి నీరు ఎటు పోతోందో, పెరటి వెనుక బోదె పారుతోందో పూడిపోయిందో చూడండి. రెండోసారి ఏప్రిల్, మే నెలల్లో, కాలువలు కట్టేసిన రోజుల్లో వెళ్లండి. కాలువ నీటితో నింపే మంచినీళ్ల చెరువు మీద ఆధారపడిన ఊరైతే ఆ నెలల్లో కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో అప్పుడే తెలుస్తుంది. పెరట్లో బోరు నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపండి. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పదనం ఎక్కువ, కొన్నిచోట్ల గ్లాసులో పోసి గంటసేపు ఉంచితే ఇనుము తుప్పు రంగు తేలుతుంది.

గట్టు, వరద సంగతి అయ్యాక మూడు విషయాలు త్వరగా చూసుకోండి. ఒకటి, కోత. ఒడ్డు ఏటా ఎంత జరుగుతోందో ఉపగ్రహ చిత్రాల్లో పాత సంవత్సరాలవి పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండు, ఉప్పునీరు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పరిసరాల్లో సముద్రపు పోటు నీరు ఎగదన్ని కొబ్బరితోటలు మోడువారిపోయాయి. ఇంటి పక్క చేలు రొయ్యల చెరువులుగా మారి ఉంటే ఆ ఉప్పు మీ నూతికీ, పునాదికీ చేరుతుంది. మూడు, గ్యాసు. 1995లో పాశర్లపూడి బావి నిప్పంటుకుని రెండు నెలలకు పైగా మండింది, 2014లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. పైపులైను వెళ్లే చోట నేలపై గుర్తు రాళ్లు పాతి ఉంటాయి. పెరట్లో గానీ, దగ్గర్లో గానీ అవి కనిపిస్తే లైను ఎవరిదో, మీ స్థలం మీద వాడుక హక్కు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

రెండో మెట్టు: వారసుల చెట్టు గీయండి

పాత మండువా ఇల్లు ఒక్కరి పేరున ఉండడం అరుదు. తాత కట్టించాడు, నలుగురు కొడుకులు నోటి మాటగానో, స్టాంపు కాగితం మీద రాసుకున్న పారీఖత్తుతోనో పంచుకున్నారు, ఒకరు వైజాగులో, ఒకరు అమెరికాలో స్థిరపడ్డారు, ఊళ్లో మిగిలిన ఒక్కరే పన్ను కడుతూ వచ్చారు. మీతో బేరం ఆడేది ఆ ఒక్కరే. ఆయన అబద్ధం ఆడుతున్నారని కాదు. తానే యజమానినని ఆయన నిజంగానే నమ్ముతుండవచ్చు.

అందువల్ల, దస్తావేజు ఒక్కటి కూడా చూడకముందే, ఒక తెల్లకాగితం మీద కట్టించినవారి పేరు పైన రాసి, వారి కొడుకులు, కూతుళ్లు, వారి పిల్లలు అందరినీ చెట్టులాగా గీయించండి. ఎవరు ఎప్పుడు పోయారో ఒక్కొక్క పేరు పక్కన రాయించండి. కూతుళ్ల దగ్గరికి వచ్చేసరికి, "ఆడపిల్లలకు అప్పుడే పసుపు కుంకుమల కింద ఇచ్చేశామండి" అనే జవాబు తప్పకుండా వస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. తండ్రి స్వార్జితమై, ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయి ఉంటే, కూతుళ్లు కొడుకులతో సమానమైన వారసులు. పిత్రార్జితమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు రాష్ట్ర సవరణ హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కును విస్తరించింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదపదు. కాబట్టి పంపకం కాగితం చూపించినప్పుడు అది రిజిస్టరయిందా, ఏ తేదీన అయిందా అన్నవి రెండూ చూడండి.

నా అభిప్రాయంలో అందరు వారసుల సంతకాలూ విక్రయ దస్తావేజు మీదే ఉండడం మేలు. అది కుదరనప్పుడు మిగిలినవారు ముందుగా హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయించాలి. విదేశంలో ఉన్నవారు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది అక్కడి భారత కాన్సులేట్ ధ్రువీకరించినదై ఉండాలి, మన దేశానికి చేరిన 3 నెలల లోపు స్టాంపు సుంకం కట్టించుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పవరు ఇచ్చినవారు రిజిస్ట్రేషన్ రోజుకు బతికి ఉండాలి. చివరి మాట వినడానికి కటువుగా ఉన్నా, వారసులు ఎనభైల్లో ఉన్న ఇళ్ల విషయంలో అది నిజంగా ఎదురయ్యే చిక్కు. వారసుల్లో మైనరు పేరున విడిగా ఆస్తి ఉంటే కోర్టు అనుమతి లేకుండా సంరక్షకులు అమ్మడానికి వీల్లేదు. తహశీల్దారు కార్యాలయం ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌ను మీరు గీయించిన చెట్టుతో సరిపోల్చి చూసుకుని, తేడా ఉంటే తేలేదాకా ఆగండి.

మూడో మెట్టు: దస్తావేజులు, హద్దులు, నేల స్వభావం

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీల జాబితా, కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది. వందేళ్ల ఇంటికి అది చాలదు. అంతకుముందు లావాదేవీల కోసం కార్యాలయంలోని పాత పుస్తకాల్లో వెతికించమని దరఖాస్తు పెట్టాలి, దొరికిన ప్రతి దస్తావేజుకూ నకలు తీసుకోవాలి. ఆస్తి మీద సహకార సంఘంలోనో, బ్యాంకులోనో తాకట్టు ఉంటే అసలు దస్తావేజులు వారి దగ్గరే ఉంటాయి కాబట్టి, నకళ్లు కాక అసలువి చూపించమనడం తప్పనిసరి.

ఊరి నడుమ ఉన్న ఇళ్లలో చాలావరకు గ్రామకంఠంలో, అంటే రికార్డుల్లో ఊరి నివాస స్థలంగా ఉన్న నేలలో, ఉంటాయి. గ్రామకంఠానికి అడంగల్‌లో ఇంటింటి పేర్లు ఉండవు. పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత రిజిస్టరు దస్తావేజులే ఆధారం. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద డ్రోనులతో సర్వే చేసి ఇంటి స్థలాలకు కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్లో ఆ పని పూర్తయితే కార్డులోని కొలతలు, దస్తావేజులోని కొలతలు ఒకటేనా చూడండి. ఇంకొక జాబితా, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధించిన ఆస్తులది. సర్వే నంబరు అందులో ఉందేమో బయానాకు ముందే చూడాలి, తర్వాత కాదు.

అగ్రహారాల్లో ఇల్లు కొనేవారు మరొక ప్రశ్న వేయాలి: ఇల్లు వారిది, స్థలం దేవుడిదా? దేవస్థానం స్థలంలో నామమాత్రపు శిస్తు కడుతూ తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉన్న కుటుంబాలు ఉంటాయి. దేవాదాయ భూమిని 1987 చట్టం ప్రకారం అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ఊరి గుడి అర్చకుణ్ని పలకరిస్తే సర్వే నంబరు చెప్పకపోయినా ఏ వీధి ఎవరిదో చెప్పేస్తారు. ఆ మాటను దేవాదాయ శాఖ కార్యాలయంలో ఖాయం చేసుకోండి. గౌతమికి ఆవలి ఒడ్డున ద్రాక్షారామం భీమేశ్వరాలయం వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పోటు తగిలే పాయల ఒడ్డున తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వర్తిస్తాయి, కాబట్టి పెరటి చివర ఏటి వైపు ఒక గది వేసుకుందామన్న ఆశతో కొనేవారు ముందే తెలుసుకోవాలి. యానాంలో కొనదలచినవారు అది పుదుచ్చేరి కిందిదని, సుంకాలూ రికార్డులూ వేరని మరచిపోకండి.

హద్దుల సంగతి కాగితం మీద కాక కాలితో తేల్చుకోవలసినది. చెక్కుబందీలో "తూర్పు: ఫలానా వారి పెరడు, ఉత్తరం: పుంత" అని రాసి ఉంటుంది, ఆ పుంత ఇప్పుడు ఉందా, పక్కవారి కొబ్బరితోటలో కలిసిపోయిందా చూడాలి. సర్వేయరుతో కొలిపించేటప్పుడు పక్కింటివారిని పిలిచి, వారి ఎదురుగానే రాళ్లు పాతించండి. పెద్దవారు విస్తీర్ణాన్ని కుంచాల్లోనో సెంట్లలోనో చెబుతారు. దస్తావేజులో చదరపు గజాల్లో కూడా రాయించండి, సెంటుకు 48.4 గజాలు. ఇక చూరు నీళ్లు. పెంకుటింటి చూరు నుంచి జారే వాన నీరు ఎవరి స్థలంలో పడుతోందన్న దాని మీద ఈ ఊళ్లలో తరతరాల తగవులు నడుస్తాయి. మీ చూరు గోడ దాటి పక్కవారి వైపుకు వచ్చి ఉంటే, నీళ్లు పడే జానెడు నేల మీదో, పక్కవారి సన్‌షేడ్ మీదో ఇప్పటికే మాట నడుస్తూ ఉంటుంది. పెరట్లో వారి వైపుకు వాలిన కొబ్బరిచెట్టు ఉంటే దాని గురించీ ఇప్పుడే అడిగి, ఒప్పందం కుదిర్చే బాధ్యత అమ్మేవారికే వదలండి.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ప్రత్యేకంగా ఒక మాట. ఎన్నారైలు, ఓసీఐ కార్డుదారులు ఇల్లు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమిని, తోటను, ఫామ్‌హౌస్‌ను కొనరాదు. వారసత్వంగా రావడం వేరు. కోనసీమలో ఇంటి వెనుక ఉన్న కొబ్బరితోట చాలాసార్లు రెవెన్యూ రికార్డుల్లో వ్యవసాయ భూమిగానే ఉంటుంది. ఇల్లు ఒక దస్తావేజుగా, తోట ఊళ్లో ఉన్న బావమరిది పేరున ఇంకొక దస్తావేజుగా రాయించుకుని, పదేళ్ల తర్వాత మాటలు లేకుండా పోయిన కుటుంబాలు ఉన్నాయి. ఇంటి స్థలం విడిగా కొలిపించి, అంతవరకే కొనడం క్షేమం.

నాలుగో మెట్టు: దూలం, పెంకు, గోడ, తూము

ఇప్పుడు స్తంభాల దగ్గరికి వద్దాం. మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి, వాన నీరంతా నడుమ ఉన్న మండువాలోకి దిగి, ఒక తూము ద్వారా వీధి కాలువలోకి పోతుంది. ఇంటి ఆరోగ్యమంతా ఆ తూములోనే ఉంటుంది. నూతి దగ్గర నుంచి రెండు బిందెల నీళ్లు తెప్పించి మండువాలో ఒక్కసారిగా కుమ్మరించి, గడియారం చూడండి. నీరు గిర్రున తిరిగి రెండు నిమిషాల్లో పోతే తూము బాగుంది. గచ్చు మీద చెరువులా నిలిస్తే, వీధిని సిమెంటు రోడ్డుగా వేసి ఎత్తు పెంచినప్పుడు తూము నోరు మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు వరద అక్కర్లేదు, ఒక రాత్రి జడివాన చాలు సావిట్లోకి నీరు రావడానికి.

స్తంభం పైభాగం చెక్కడాన్ని చూసి మురిసిపోవద్దు; అడుగు చూడండి. రాతి దిమ్మ మీద నిలిచే జానెడు భాగాన్ని స్క్రూడ్రైవరుతో మెల్లగా గుచ్చితే మంచి టేకులోకి మొన దిగదు, పుచ్చిన కర్ర బిస్కెట్టులా విరిగి రాలుతుంది. ద్వారబంధాల కాళ్లనూ అలాగే గుచ్చి చూడండి. కాళ్ల దగ్గర వేరే కర్రతో అతుకు వేసి రంగు పూసి ఉంటే, అది ఏదో ఒక వరదకు నాని పోయిందని అర్థం. దూలాలు గోడలోకి దూరే చోట చెదల మట్టి గీతలు ఉన్నాయేమో నిచ్చెన ఎక్కి టార్చిలైటు వేసి చూడాలి. వాసాలు తాటివైతే మధ్యలో సాగిలబడి, బయటి నుంచి పెంకుల వరుస అలలా కనిపిస్తుంది. రెండు వాలులు కలిసే మూలల దగ్గర గోడ మీద నల్లటి చారలుంటే ఏళ్ల తరబడి కారుతోందన్నమాట.

గోడలు సున్నంతో కట్టినవైతే, వాటి మీద పైపైన సిమెంటు పూసి ఉండకపోవడమే మంచిది. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది; సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి, నడుం ఎత్తు వరకూ ఉప్పు తేలి పెచ్చులు ఊడుతుంది. మరమ్మతుకు గానుగ సున్నం పట్టగల మేస్త్రీ దొరకడం ఇప్పుడు కష్టమే, వాళ్లు అడిగే కూలీ ఎక్కువే, అయినా ఆ ఖర్చుకు సిద్ధపడనివారు ఇలాంటి ఇల్లు కొనకపోవడం మేలు. పెంకులు కొత్తవి అదే కొలతకు దొరకవు. కూల్చేసిన ఇళ్ల నుంచి పాతవి కొని, కనీసం పదింట ఒక వంతు అదనంగా పెరట్లో పేర్చి ఉంచుకోవాలి. కొబ్బరికాయ పడ్డా, కోతులు తొక్కినా పగిలేవి పెంకులే.

ఐదో మెట్టు: ధర, ఒప్పందం, రిజిస్ట్రేషన్

ధర ఇప్పుడు మాట్లాడండి. పై నాలుగు మెట్లలో తేలిన ప్రతి లోటుకూ ఒక అంకె వేసి, ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే బేరం మర్యాదగానే సాగుతుంది. ఒప్పందంలో సామాను జాబితా తప్పనిసరి. పాత టేకుకు ఉన్న గిరాకీ వల్ల, బయానా ఇచ్చాక రిజిస్ట్రేషన్ నాటికి వీధి తలుపులు, ఉయ్యాల బల్ల, ధాన్యపు కొట్టు చెక్కలు మాయమైన సందర్భాలు నేను విన్నాను. స్తంభాలు ఎన్ని, తలుపుల జతలు ఎన్ని, భోషాణం ఇంటితో పాటు వస్తుందా రాదా అన్నవి ఫోటోలతో సహా రాయించుకోండి. బయానా చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి.

ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, కలిపి 7.5 శాతం చేతిలో ఉంచుకోవాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ వారమే అడగండి. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం పన్ను మినహాయించి కట్టవలసింది కొనేవారే. అమ్మేవారిలో ఒక్క ఎన్నారై ఉన్నా ఆయన వాటాకు ఆ పరిమితి వర్తించదు, ధరలోంచి కోసి కట్టవలసిన పన్ను కూడా చాలా ఎక్కువ. ఆడిటరును కలవకుండా సంతకం పెట్టవద్దు. గ్రామకంఠంలోని పాత పెంకుటింటికి గృహరుణం ఇవ్వడానికి బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి, అందుకని సొంత డబ్బు ఉన్నప్పుడే ముందుకు వెళ్లండి. రిజిస్ట్రేషన్ అయిన నెలలోనే పంచాయతీ పన్ను, కరెంటు మీటరు మీ పేరుకు మార్పించుకుని, వరద, తుపాను కలిసిన గృహ బీమా తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో రెండూ ఉంటాయి.

ఆరో మెట్టు: మొదటి ఏడాది

వీలుంటే, కొనడానికి ముందే అదే ఊళ్లో ఒక ఏడాది అద్దెకు ఉండండి. వీలు కాకపోతే కొన్న మొదటి ఏడాది మరమ్మతులు తప్ప మార్పులు చేయకండి. మీకు పనికిరాదనిపించిన ఎత్తు గడప, ఇరుకు అటక, పెరటి మూల మట్టి దిబ్బ ఎందుకున్నాయో వానాకాలం గడిస్తే గానీ తెలియదు. మట్టి దిబ్బను చదును చేయించిన ఒకాయన, ఆవుల్ని ఎక్కించడానికి చోటు లేక మరుసటి వరదకు దాన్ని మళ్లీ పోయించుకున్నారు.

ఊళ్లో మనుషులతో కలవడానికి పెద్ద ప్రయత్నం అక్కర్లేదు, చిన్న మర్యాదలు చాలు. గృహప్రవేశానికి వీధంతటినీ పిలవండి. కొబ్బరి దింపు తీసేవారిని ఊరివారినే పెట్టుకోండి. రెండు నెలలకోసారి వచ్చే ఆయనే చెట్టు మీది నుంచి మీ కప్పు మీద పెంకు జరిగిందని చెబుతాడు. తాళం వేసి వెళ్లేటప్పుడు ఒక తాళంచెవి ఎదురింట్లో ఇవ్వండి. నెలలపాటు మూసి ఉంచిన మండువా ఇల్లు రెండేళ్లలో చెదలకు, గబ్బిలాలకు వెళ్లిపోతుంది కాబట్టి, వారానికోసారి తలుపులు తీసి ఊడ్చి దీపం పెట్టే మనిషికి జీతం ఇవ్వడం మరమ్మతు ఖర్చు కంటే చాలా తక్కువ.

తుపాను నెలలు అక్టోబరు, నవంబరు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఇంటి మీదికి వాలిన చెట్టును సెప్టెంబరులోనే తీయించండి. వరద దిగాక ఇంట్లోకి మొదట అడుగు పెట్టేవారు గొడుగు కర్రతో మూలలు తట్టి వెళ్లాలి, కట్లపాములు, రక్తపింజరలు పొడి చోటు వెతుక్కుని బియ్యపు డబ్బాల వెనకే చేరతాయి. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో, రాత్రివేళ ఆ దారిలో పంటు (ఏరు దాటించే బల్లకట్టు) నడుస్తుందో లేదో ముందే కనుక్కుని, ఆటో అబ్బాయి నంబరుతో పాటు తలుపు వెనుక రాసి పెట్టుకోండి. ఆషాఢం వచ్చేలోపు తూము మరొకసారి శుభ్రం చేయించి, దస్తావేజులు, మందులు, ఇన్వర్టరు బ్యాటరీ, సావిట్లో మీరు సుద్దముక్కతో గీసిన గీతకు రెండడుగులు పైన ఉండేలా సర్దుకోండి.